తాతగారి బంగారు గడియారం: వయసెంత? నిజమెంత?

గత సంవత్సరం రమజాన్‌కు కొద్ది రోజుల ముందు, మా మదరసా పూర్వ విద్యార్థి ఒకడు చిన్న గుడ్డమూటతో మా ఇంటికి వచ్చాడు. మూటలో ఒమేగా కంపెనీ బంగారు చేతిగడియారం ఉంది. తండ్రి మరణించి అప్పటికి నాలుగు నెలలు. తల్లి, ఇద్దరు అన్నదమ్ములు, ఒక చెల్లెలు వారసులు. మిగిలిన ఆస్తి పంపకం సవ్యంగానే జరిగింది. ఈ గడియారం దగ్గర మాత్రం మాట పెరిగింది.

“హజ్రత్! తాతగారు 1948లో ఓడలో హజ్‌కు వెళ్ళి, తిరిగి వస్తూ జిద్దాలో కొన్నారని నాన్నగారు చెప్పేవారు. అది వెలకట్టలేని జ్ఞాపకం, పంపకంలో చేర్చకూడదని అన్నయ్య అంటున్నాడు. బంగారు దుకాణంవారేమో కరిగించి తూకం ప్రకారం డబ్బు ఇస్తామంటున్నారు. అసలిది నిజమైన బంగారమేనా అని చెల్లెలి అనుమానం” అన్నాడు.

మరణించిన వ్యక్తి వదిలివెళ్ళిన వస్తువు సూది అయినా వారసత్వంలో భాగమే. జ్ఞాపకమన్న పేరుతో ఒకరు అట్టిపెట్టుకోవడానికి వీలులేదు. ఇతరుల సమ్మతితో, వారి వాటా విలువ చెల్లించి తీసుకోవచ్చు. అయితే విలువ కట్టాలంటే ముందు ఆ వస్తువు ఏమిటో తెలియాలి. చదువుకునే రోజుల్లో సెలవులకు ఇంటికి వచ్చినపుడల్లా మామూ గారి గడియారాల దుకాణంలో కూర్చునేవాణ్ణి. ఆ పాత పరిచయంతోనే ఈ పనికి పూనుకున్నాను. మూత తెరిచే పని మాత్రం అనుభవజ్ఞుడైన ఒక మరమ్మతుదారుకే అప్పగించాం. దుకాణంలో చాకుమొనతో మూత లేపబోయి అంచు చెడగొట్టిన సంఘటనలు ఎన్నో చూశాను.

స్విట్జర్లాండులో గడియారపు కేసుల బంగారాన్ని ప్రభుత్వమే పరీక్షించి ముద్ర వేసే పద్ధతి చాలా పాతది. 1880లో చేసిన చట్టం దానికి పునాది. 18 కేరట్ల బంగారానికి హెల్వీషియా అనే స్త్రీ శిరస్సు, 14 కేరట్లకు ఉడుత బొమ్మ. శిరస్సు రూపాన్ని 1934 ప్రాంతంలో మార్చారు. 1995 నుండి వీటన్నిటి స్థానంలో సెయింట్ బెర్నార్డ్ కుక్క తల వచ్చింది. కనుక 1950ల నాటిదని చెప్పే గడియారంపై కుక్క తల కనిపిస్తే, ఆ మాట నమ్మదగినది కాదు. మనవాడి గడియారం మూత లోపలి వైపున 0.750 అన్న అంకె, దాని పక్కనే కొత్త రూపంలోని స్త్రీ శిరస్సు, కేసు తయారీదారు గుర్తు, మోడల్ సంఖ్య స్పష్టంగా ఉన్నాయి. మన నగలపై 18 కేరట్లకు 750 అని వేసే అంకెకూ దీనికీ అర్థం ఒకటే: వెయ్యి భాగాల్లో 750 భాగాలు మేలిమి బంగారం.

ఈ ముద్ర లేనంత మాత్రాన నకిలీ అని తొందరపడరాదు. బ్రిటన్‌లో అమ్మిన అనేక ఒమేగా గడియారాలకు స్విస్ యంత్రాన్ని మాత్రమే తెప్పించి, డెన్నిసన్ అనే ఇంగ్లీషు సంస్థ చేసిన 9 కేరట్ల కేసులో అమర్చేవారు. వాటిపై స్త్రీ శిరస్సు ఉండదు. 375 అంకె, బర్మింగ్‌హామ్ నగరపు లంగరు గుర్తు, సంవత్సరాన్ని తెలిపే ఒక అక్షరం ఉంటాయి. ఆ అక్షరం దొరికితే ఏడాది తేలిపోతుంది. ఇక ‘20 మైక్రాన్లు’ అనో, ‘గోల్డ్ ఫిల్డ్’ అనో, వెనుక మూత స్టీలు అనో రాసి ఉంటే అది పూత లేదా పొర మాత్రమే. పట్టీ తగిలించే కొమ్ముల మూలల్లో ఇత్తడి బయటపడిందేమో భూతద్దంతో చూడాలి. దుకాణాల్లోని ఎక్స్-రే యంత్రం పైపొరను మాత్రమే చదువుతుంది కనుక అరిగిన అంచు దగ్గర, మూత లోపల కూడా పరీక్షించమని అడగాలి.

బంగారం నిజమని తేలింది. మరి వయసు? ఒమేగా పాత గడియారాల్లో వరుస సంఖ్య లోపలి యంత్రంపైనే చెక్కి ఉంటుంది. ఇందులో అది కోటీ 30 లక్షలు దాటి, కోటీ 40 లక్షల లోపు ఉంది. ఆ సంఖ్యలు దాదాపు 1952–54 నాటివి. సంఖ్య వేసిన తరువాత గడియారం దుకాణంలో ఏడాదో రెండేళ్ళో ఉండి ఉండవచ్చు గాని, దానికంటే ముందు అమ్ముడుపోవడం అసాధ్యం. యంత్రం కూడా అదే సాక్ష్యం చెప్పింది. అది 354 రకం. చేయి కదిలినపుడు దానిలోని బరువు పూర్తిగా చుట్టూ తిరగదు. ఊయలలా అటూ ఇటూ ఊగి స్ప్రింగులకు తగిలి వెనక్కి వస్తుంది. చెవి దగ్గర పెట్టి కదిపితే ఆ చిన్న తాకిడి తెలుస్తుంది. పూర్తి వలయం తిరిగే యంత్రాలు ఒమేగాలో 1955 ప్రాంతంలో వచ్చాయి.

అంటే 1948 కథ నిలవదు. హదీసు విద్యార్థులకు ఇది కొత్త కాదు. ఉల్లేఖకుడు తాను కలిశానన్న వ్యక్తి అంతకు ముందే మరణించి ఉంటే ఉల్లేఖనం అక్కడే ఆగిపోతుంది. చెప్పినవాడు ఎంత ప్రియమైనవాడైనా సరే. ఆ మాట వినగానే పెద్దవాడి ముఖం చిన్నబోయింది. తండ్రి అబద్ధమాడారని నేను అనలేదు. విన్నది విన్నట్లు చెప్పి ఉంటారు.

డయల్ దగ్గర మరో చిక్కు వచ్చింది. ఆరు అంకె కింద ‘స్విస్ మేడ్’కు రెండు వైపులా ‘టి’ అన్న ఇంగ్లీషు అక్షరం ఉంది. చీకట్లో మెరిసే పూతలో ట్రిటియం వాడారనడానికి అది గుర్తు. ఆ గుర్తు వేయడం 1960లలో మొదలైంది. అంతకుముందు వాడినది రేడియం. కాబట్టి ఈ డయల్ తరువాత మార్చినది. ఇటువంటి విషయాల్లో నిపుణులూ మోసపోతారు. 2021లో జెనీవా వేలంలో ఒక ఒమేగా స్పీడ్‌మాస్టర్ 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. కొన్నది స్వయంగా ఆ కంపెనీ మ్యూజియమే. అది వేరువేరు గడియారాల భాగాలు కూర్చి తయారుచేసినదని 2023లో బయటపడింది.

మూలభాగాలు చెదరిపోవడానికి మరో కారణం కూడా ఉంది. 1980 జనవరిలో బంగారం ధర ఔన్సుకు 850 డాలర్ల వద్దకు చేరినపుడు ఎన్నో బంగారు కేసులు మూసల్లోకి వెళ్ళాయి. అనాథలైన యంత్రాలు ఇతర కేసుల్లో చేరాయి. అందుకే మూతలోని మోడల్ సంఖ్యకు లోపలి యంత్రం సరిపోలుతుందో లేదో చూడాలి. ఇక్కడ సరిపోయింది. ఇంకొక మాట: అమ్మే ముందు మెరుగు పెట్టించవద్దు. ప్రతి మెరుగుకూ కొంత బంగారం రాలిపోతుంది, కొమ్ముల అంచులు గుండ్రబడతాయి, ముద్రలు చెరిగిపోతాయి.

ఇక లెక్క. పట్టీ లేకుండా గడియారం 29 గ్రాములు తూగింది. యంత్రం, అద్దం, డయల్ తీసివేస్తే కేసు 14 గ్రాములు, అందులో మేలిమి పదిన్నర గ్రాములు. జకాత్ లెక్కకైనా మొత్తం తూకం కాక ఈ కేసునే చూడాలి. పాత గడియారాల వ్యాపారి ఒకరు, డయల్ మార్చినదని తెలిసే, కరిగింపు విలువకంటే చెప్పుకోదగినంత ఎక్కువ ధర చెప్పారు. ఆ ధరనే ప్రమాణంగా తీసుకున్నాం. దానిని 40 భాగాలు చేస్తే తల్లికి ఎనిమిదో వంతు కింద 5, కుమారులకు చెరి 14, కుమార్తెకు 7.

పురుషులు బంగారం ధరించరాదు కనుక అన్నదమ్ములకు అది చేతికి పనికివచ్చే వస్తువు కాదు. చెల్లెలు తన 7 భాగాలు మినహాయించి మిగిలిన సొమ్ము చెల్లించి తీసుకుంది. డయల్ తరువాతి కాలంలో మార్చినదని, గడియారం దాదాపు 1952–54 నాటిదని ఒక కాగితం రాసి నలుగురి చేత సంతకాలు చేయించాను. ఆమె పిల్లలు ఎప్పుడైనా అమ్మదలిస్తే, కొనేవారికి ఆ లోపం చెప్పకుండా అమ్మే పరిస్థితి రాకూడదు కదా!

సంతకం చేస్తూ ఆ తల్లి ఒక మాట చెప్పింది. తన పెళ్ళినాటికే గడియారం ఆ ఇంట్లో ఉందట. మామగారు దానిని చేతికి కట్టుకోగా ఆమె ఒక్కనాడూ చూడలేదు. పెట్టెలో గుడ్డలో చుట్టి ఉంచి, శుక్రవారం స్నానం చేశాక తీసి, కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని విని మళ్ళీ లోపల పెట్టేవారట. కొమ్ములు అరగకుండా ఎలా ఉన్నాయో నాకప్పుడు అర్థమైంది. ఆయన దానిని ఎక్కడ కొన్నారన్నది మాత్రం ఆమెకూ తెలియదు.