అమెరికాలో గుడారం బస: మూడు తరాలు కలిసి వెళ్లేముందు చూసుకోవలసినవి

హోసూరు, బళ్లారి, బరంపురం, సోలాపూర్... ఎక్కడి తెలుగు ఇల్లయినా, పిల్లలు అమెరికాలో ఉంటే వేసవిలో పెద్దవాళ్లు అక్కడికి వెళ్లి కొన్ని నెలలు ఉండి రావడం మామూలైంది. అలా వెళ్లినవారికి ఏదో ఒక రోజు కొడుకో కోడలో చెప్పే మాట ‘క్యాంపింగ్’. రెండు రాత్రులు అడవిలో టెంటు వేసుకుని ఉందామంటారు. మనవలు ఎగిరి గంతేస్తారు. అవ్వాతాతలు మాత్రం మోకాళ్ల నొప్పులు, చలి, రాత్రిపూట బాత్రూము గుర్తొచ్చి వెనకాడతారు. చివరికి చాలా ఇళ్లలో పెద్దవాళ్లు ఇంట్లో ఉండిపోతారు, మిగతావాళ్లు వెళ్లొస్తారు.

అలా ఉండిపోనక్కరలేదు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి కలిసే మనవలతో, టీవీ, ఫోను లేని చోట రెండు రోజులు గడపడం చిన్న విషయం కాదు. ఇంట్లో ఇంగ్లీషులోనే బదులిచ్చే పిల్లలు కూడా చీకటి పడ్డాక తాత పక్కన కూర్చుని కథ చెప్పమంటారు. అయితే దానికి ముందే ఒక లెక్క వేసుకోవాలి. ఇంట్లో అందరికన్నా పెద్దవారు, అందరికన్నా చిన్నవారు రాత్రి హాయిగా నిద్రపోగలరా? ఆ ఇద్దరికీ కుదిరితే అందరికీ కుదిరినట్టే. చోటు, పడక, వంట, మందులు అన్నీ ఆ లెక్కతోనే చూసుకోవాలి. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే కాలిఫోర్నియాలోని యోసెమిటీ, వయోమింగ్ వైపున్న యెల్లోస్టోన్ జాతీయ పార్కులను ఉదాహరణగా తీసుకుని ఆ వివరాలు చూద్దాం.

చోటు ముందే దొరకబుచ్చుకోవాలి

అమెరికా జాతీయ పార్కుల్లో ఎక్కడ పడితే అక్కడ టెంటు వేయకూడదు. నంబరు వేసి ఉన్న స్థలాన్ని ముందుగా బుక్ చేసుకోవాలి. చాలా పార్కులకు ఇది రిక్రియేషన్.గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో జరుగుతుంది. యెల్లోస్టోన్‌లో మాత్రం మాడిసన్, కాన్యన్, గ్రాంట్ విలేజ్ వంటి పెద్ద క్యాంపుల బుకింగులను ఒక ప్రైవేటు సంస్థ చూస్తుంది.

యోసెమిటీ లోయలోని అప్పర్ పైన్స్ క్యాంపుకు ప్రతి నెలా 15వ తేదీన అక్కడి సమయం ఉదయం 7 గంటలకు, 5 నెలల తర్వాతి తేదీలను తెరుస్తారు. జూన్ 15 నుంచి జులై 14 వరకు రాత్రులు కావాలంటే జనవరి 15న కూర్చోవాలన్నమాట. అంటే మన సంక్రాంతి రోజుల్లోనే, మన గడియారంలో రాత్రి 8:30కి. వేసవిలో అక్కడ గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు కాబట్టి అప్పుడది రాత్రి 7:30 అవుతుంది. మంచి తేదీలు నిమిషాల్లో అయిపోతాయి. అందుకే అమ్మానాన్నల టికెట్టు తేదీలు ఖరారు కాకముందే పిల్లలు ఈ క్యాలెండరు చూసుకోవడం మంచిది.

యోసెమిటీలో ఒక స్థలంలో 6 మంది వరకే ఉండవచ్చు, పిల్లలతో కలిపి. ఇద్దరు పెద్దలు, కొడుకూ కోడలూ, ఇద్దరు పిల్లలైతే సరిగ్గా సరిపోతుంది. వియ్యంకులు కూడా వస్తే రెండు స్థలాలు కావాలి. బుక్ చేసేటప్పుడు బాత్రూముకు దగ్గరగా, కానీ దాని తలుపు పక్కనే కాకుండా ఉన్న స్థలాన్ని మ్యాపులో చూసి ఎంచుకోండి. రాత్రి రెండు మూడుసార్లు లేచే పెద్దవాళ్లకు ఈ ఒక్క జాగ్రత్తతో సగం కష్టం తగ్గుతుంది.

నేల మీద పడుకోవడం అసలే కుదరనివారికి వేరే దారి ఉంది. యోసెమిటీలోని కర్రీ విలేజ్‌లో మంచాలు, దుప్పట్లు వేసి ఉన్న గుడ్డ గుడారాలు అద్దెకు దొరుకుతాయి. పేరులో కర్రీ ఉన్నా మన కూరతో సంబంధం లేదు, 1899లో దాన్ని మొదలుపెట్టిన దంపతుల ఇంటి పేరది.

ప్రవేశ రుసుము మారింది

ఈ రెండు పార్కుల్లోకి వెళ్లడానికి మామూలుగా కారుకు 35 డాలర్లు, అది 7 రోజులు చెల్లుతుంది. 2026 జనవరి నుంచి అమెరికాలో నివాసం లేని సందర్శకులకు నిబంధన మారింది. యోసెమిటీ, యెల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ సహా 11 పెద్ద పార్కుల్లో 16 ఏళ్లు, ఆపైన వయసున్న విదేశీ సందర్శకులు మామూలు రుసుము కాక మనిషికి 100 డాలర్లు అదనంగా కట్టాలి, లేదా 250 డాలర్ల వార్షిక పాసు తీసుకోవాలి. విజిటర్ వీసా మీద వెళ్లిన అమ్మానాన్నలు ఈ లెక్కలోకి వస్తారు. ఇలాంటి రుసుములు మారుతూ ఉంటాయి కాబట్టి బయలుదేరే వారంలో పార్కు అధికారిక వెబ్‌సైట్‌ను మరోసారి చూడండి, పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి.

చలి నేల నుంచి వస్తుంది

యోసెమిటీ లోయ ఎత్తు సుమారు 1,200 మీటర్లు, దాదాపు మన మడికేరి అంత. కానీ అది ఉత్తరాన ఉండటం వల్ల మే నెలలో పగలు వెచ్చగా ఉన్నా రాత్రి 10 డిగ్రీల లోపుకు దిగుతుంది. యెల్లోస్టోన్ సరస్సు దగ్గరి క్యాంపులు 2,350 మీటర్ల పైన, అంటే ఊటీ కన్నా ఎత్తులో ఉంటాయి. అక్కడ జులైలో కూడా కొన్ని రాత్రులు నీరు గడ్డకట్టేంత చలి వేస్తుంది.

టెంటులో చలి ఎక్కువగా కింది నుంచి ఎక్కుతుంది. ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా కింద సరైన పరుపు లేకపోతే నిద్ర పట్టదు. పెద్దవాళ్లకు మడత మంచం, దాని మీద చలి ఆపే మందపాటి క్యాంపింగ్ మ్యాటు వేయండి. వట్టి మడత మంచం చాలదు, కింద గాలి ఆడి చల్లగా ఉంటుంది. మంచం ఎత్తుగా ఉంటే మోకాళ్ల నొప్పులున్నవారు లేవడం కూడా తేలిక.

స్లీపింగ్ బ్యాగు మీద రాసి ఉండే ఉష్ణోగ్రత చాలాసార్లు వయసులో ఉన్న మనిషి తట్టుకోగల హద్దు, హాయిగా నిద్రపోయే వేడి కాదు. 40 ఫారెన్‌హీట్, అంటే సుమారు 4 సెల్సియస్ అని రాసి ఉన్నది ఆ చలిలో మన పెద్దవాళ్లకు సరిపోదు. 20 ఫారెన్‌హీట్ రకం తీసుకోండి. టెంటు కూడా అంతే. ‘ఆరుగురికి’ అని రాసి ఉంటే నలుగురు సామానుతో సుఖంగా పడుకోవచ్చని అర్థం. మంకీ క్యాపు, ఉన్ని మేజోళ్లు మన ఊరి నుంచే పట్టుకెళ్లండి, వాటికి సాటి లేదు.

ఒక్క హెచ్చరిక. చలేసిందని టెంటులోపల స్టవ్వు గానీ, బొగ్గుల కుంపటి గానీ పెట్టకూడదు, ఆరిపోయినట్టు కనిపించే నిప్పులు కూడా. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం పోతుంది.

వంట: ఇంట్లో సగం, అక్కడ సగం

క్యాంపు స్టవ్వును, గ్యాసు డబ్బాను ఇండియా నుంచి తీసుకెళ్లే ఆలోచన వద్దు. గ్యాసు డబ్బాలను విమానంలో చేతి సంచీలోనూ, లగేజీలోనూ అనుమతించరు. అక్కడే కొనుక్కోవాలి. రెండు పొయ్యిలున్న స్టవ్వయితే గిన్నె కదలకుండా నిలుస్తుంది.

ఎత్తైన చోట నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. యెల్లోస్టోన్ ఎత్తులో సుమారు 92 డిగ్రీలకే మరిగిపోతాయి కాబట్టి మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపటికీ మెత్తబడదు. 3 లీటర్ల చిన్న కుక్కరు ఒకటి ఉంటే అన్నం, పప్పు ఇంట్లోలాగే అవుతాయి, గ్యాసూ కలిసొస్తుంది.

ఉప్మా రవ్వను ఇంట్లోనే తిరగమోత పెట్టి వేయించి డబ్బాలో పోసుకుంటే అక్కడ వేడినీళ్లు పోస్తే చాలు. పులిహోర పులుసు, కందిపొడి, అటుకులు, చపాతీలు రెండు రోజులకు బాగా పనికొస్తాయి. సోలాపూర్ వేరుశనగ చట్నీ పొడి, బరంపురం అప్పడాలు వంటివి తడి లేనివి కనుక తీసుకెళ్లడం సులువు. అయితే అమెరికా విమానాశ్రయంలో తిండి సామాను ఏదున్నా ఫారంలోనో అధికారికో చెప్పేయాలి. దాచి దొరికితే జరిమానా పడుతుంది. మాంసం పచ్చళ్లు, పచ్చి కరివేపాకు, తాజా పండ్లు పెట్టుకోవద్దు.

ఎలుగుబంటికి మన పచ్చడి వాసన

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన నియమం. ఎలుగుబంటి ముక్కు కుక్క ముక్కుకన్నా చురుకు. ఆవకాయ, నెయ్యి మాత్రమే కాదు, టూత్‌పేస్టు, సబ్బు, కొబ్బరి నూనె, పౌడరు, అగరుబత్తి, పిల్లల చాక్లెట్టు కాగితం కూడా దానికి తిండి కబురే. టెంటులో వీటిలో ఒక్కటీ ఉండకూడదు.

యోసెమిటీలో ప్రతి స్థలానికీ ఒక ఇనుప పెట్టె ఉంటుంది. సుమారు 114 సెంటీమీటర్ల వెడల్పు, 84 లోతు, 46 ఎత్తు. వంట చేస్తున్నప్పుడూ తింటున్నప్పుడూ తప్ప వాసన వచ్చే ప్రతి వస్తువూ అందులో పెట్టి గడియ వేయాలి. చీకటి పడ్డాక కారులో తిండి ఉంచినా తప్పే. ఎలుగుబంట్లు కారు తలుపులు విరిచి లోపలికి వెళ్తాయి, జరిమానా కూడా వేస్తారు. మీ ఐసు పెట్టె, గంపలు ఆ కొలతల్లో పడతాయో లేదో ఇంట్లోనే చూసుకోండి. తినగానే గిన్నెలు కడిగి, చెత్తను పార్కు వారి మూతల డబ్బాలో వేయండి. ఒకసారి మనిషి తిండికి అలవాటుపడిన ఎలుగుబంటి జనం మీదికి వస్తుంది, చివరికి దాన్ని చంపాల్సి వస్తుంది. కుక్కకో కోతికో ఓ ముద్ద పడేసే మన అలవాటు అక్కడ దయ కాదు.

యెల్లోస్టోన్‌లో ఎలుగుబంట్లకు, తోడేళ్లకు 91 మీటర్ల దూరంలో, అడవిదున్నలకు, దుప్పులకు 23 మీటర్ల దూరంలో ఉండాలన్నది చట్టం. దున్న సాధువుగా గడ్డి మేస్తున్నట్టే ఉంటుంది, కానీ మనిషికన్నా చాలా వేగంగా పరుగెత్తుతుంది. ఫొటో కోసం దగ్గరికి వెళ్లొద్దు. ఇంకో తేడా గమనించండి. ఎలుగుబంటి మీద కొట్టే మిరియపు స్ప్రే యెల్లోస్టోన్‌లో వెంట ఉంచుకోమంటారు, యోసెమిటీలో అది నిషేధం.

నిప్పు, నీళ్లు, మరుగుదొడ్డి

యోసెమిటీలో మే 1 నుంచి సెప్టెంబరు 30 వరకు సాయంత్రం 5 నుంచి రాత్రి 10 వరకే క్యాంపు మంట వేయవచ్చు. లోయలో ఎండుపుల్లలు ఏరకూడదు. కట్టెలు దూరం నుంచి కూడా తీసుకెళ్లకండి, వాటిలోని పురుగులు అక్కడి చెట్లను చంపుతాయి. దగ్గర్లోనే కొనండి. పడుకునేముందు నీళ్లు పోసి, కలిపి, చేయి దగ్గర పెట్టినా వేడి తగలనంతగా ఆర్పాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నిశ్శబ్దం పాటించాలి. పాటలు, అంత్యాక్షరి ఉంటే అంతకుముందే కానివ్వండి.

క్యాంపు మరుగుదొడ్లలో కాగితమే ఉంటుంది. ఒక ప్లాస్టిక్ మగ్గు, తడి తుడుపులు, తలకు కట్టుకునే లైటు ప్రతి పెద్దవారికీ విడిగా ఇవ్వండి. తుడుపులను తొట్టిలో కాక చెత్తడబ్బాలో వేయాలి. చాలా క్యాంపుల్లో స్నానాల గదులు ఉండవు. కుళాయి దగ్గర గిన్నెలు తోమడం, స్నానం చేయడం కుదరదు, మురికినీళ్లు వాటికి కేటాయించిన చోటే పోయాలి. ఏటి నీళ్లు ఎంత తేటగా ఉన్నా నేరుగా తాగకండి. మంచు కరిగి వచ్చే ఆ ఏళ్లు పైకి నెమ్మదిగా కనిపించినా లోపల వేగంగా పారుతుంటాయి, పిల్లలను ఒడ్డున ఒంటరిగా వదలకండి.

మందులు, బీమా, కారు

షుగరు ఉన్నవారి ఇన్సులిన్ గడ్డకడితే ఇక పనికిరాదు, ఎండలో కారులో ఉన్నా పాడవుతుంది. పగలు ఐసుకు తగలకుండా చల్లని సంచీలో, చలి రాత్రుల్లో పడకలో ఒంటికి దగ్గరగా ఉంచుకోండి. మాత్రలు అసలు స్ట్రిప్పుల్లోనే, డాక్టరు చీటీతో ఉండాలి. చీటీలో కంపెనీ పేరు కాక మందు అసలు పేరు రాయించుకోండి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు ఎత్తైన చోటికి వెళ్లేముందు డాక్టరును అడగాలి. రాత్రి ఊపిరి యంత్రం వాడేవారికి టెంటు స్థలాల్లో కరెంటు ఉండదని గుర్తుంచుకోండి.

ప్రయాణ బీమాలో పాత జబ్బులకు ఎంతవరకు వర్తిస్తుందో కాగితం చదివి చూడండి. పాలసీ నంబరు, బుకింగు కాగితం, మందుల జాబితా అచ్చువేసి కారులో పెట్టుకోండి, మ్యాపు ముందే ఫోన్‌లోకి దింపుకోండి. లోపల సిగ్నలు దొరకని చోట్లు చాలా ఉంటాయి. అత్యవసరమైతే నంబరు 911. కారులో పసివాళ్లకు చైల్డ్ సీటు తప్పనిసరి. కాలిఫోర్నియాలో 8 ఏళ్లలోపు పిల్లలు వెనక సీటులో దానిలోనో, బూస్టరులోనో కూర్చోవాలి. అవ్వ ఒడి అక్కడి చట్టానికి చాలదు.

ముందు ఒక రాత్రి దొడ్లో

బయలుదేరడానికి రెండు వారాల ముందు ఇంటి వెనక దొడ్లోనో, దగ్గర్లోని చిన్న పార్కు క్యాంపులోనో ఒక రాత్రి పడుకుని చూడండి. మంచం ఎత్తు సరిపోయిందా, తాత చీకట్లో జిప్పు తీయగలిగారా, కుక్కరు ఆ స్టవ్వు మీద నిలిచిందా అన్నీ ఆ రాత్రే తేలిపోతాయి. ఎవరికైనా కుదరకపోతే టెంటు మాని గుడ్డ గుడారం గది తీసుకోవడానికి ఇంకా సమయం ఉంటుంది. మొదటిసారి రెండు రాత్రులు చాలు. అవి సుఖంగా గడిస్తే, వచ్చే ఏడు ఎప్పుడు వెళ్దామని అడిగేది పెద్దవాళ్లే.