విరేచనముల వేళ బిడ్డ కడుపు మాడ్చరాదు

నిన్నటివరకు ఇల్లంతయు కలయదిరిగిన ఏడాదిన్నర బిడ్డడు ఈనాడు తెల్లవారుజామున రెండుమార్లు వాంతి చేసికొని, సూర్యోదయమునకు ముందే నాలుగుమార్లు నీళ్ల విరేచనములై, తల్లి భుజముపై వాలిపోయి యున్నాడనుకొనుడు. ఆ యింట పుట్టు మొదటి వివాదము మందునుగూర్చి కాదు, అన్నమునుగూర్చియే.

"అమ్మాయీ, ఇవాళ వాడి నోటికేమీ అందించకు. కడుపు ఖాళీగా ఉంటే అవే కట్టుకుంటాయి" అని అత్తగారు.

"వాడు నీరసించిపోయాడు అత్తయ్యా, రెండు ముద్దలు పెడితే ఏమవుతుంది?" అని కోడలు.

లంఖణము పరమౌషధమను మాట ఇంటింట వినబడునదే. పెద్దల మాటను తేలిక చేయుట నా యుద్దేశము కాదు. అజీర్తి చేసిన పెద్దవాడొక పూట పస్తుండినచో వానికి వచ్చు నష్టము స్వల్పము. కాని పది కిలోల బిడ్డ విషయమున ఆ మాట చెల్లదు. వాని ఒంటిలోని నిలువ తక్కువ, ఖర్చు ఎక్కువ. ఈ వివాదమున కోడలి పక్షమే న్యాయమైనది. అందునకు కారణములను, చేయవలసిన పద్ధతిని మనవి చేసెదను.

విరేచనములతో బిడ్డ శరీరమునుండి ముందుగా పోవునవి నీరును, లవణములును. ప్రాణాపాయము వచ్చునది ఈ నష్టమువలననే. కనుక మొదటి ఆహారము త్రాగు నీటి రూపముననే యుండవలెను. అయితే ఉత్త నీరు చాలదు. ప్రేగులు జబ్బుపడి యున్నప్పుడు సైతము ఉప్పును, గ్లూకోజును తగిన పాళ్లలో కలిపి యిచ్చినచో, ఆ రెండును జంటగా ప్రేగు గోడను దాటి లోనికి పోవును. వాటి వెంట నీరును పోవును. ఈ జంట ప్రయాణమును రాబర్ట్ క్రేన్ అను శాస్త్రజ్ఞుడు 1960లో ప్రాగ్ నగరమున జరిగిన సభలో వివరించెను. 1971లో తూర్పు బెంగాలునుండి తరలివచ్చిన కాందిశీకులలో కలరా చెలరేగినప్పుడు, సరిహద్దునందలి బన్‌గావ్‌లో సూదిద్వారా ఎక్కించు సెలైను చాలక, డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, తినుసోడా కలిపిన నీటిని రోగులచే త్రాగించెను. త్రాగించినవారిలో పెక్కుమంది వైద్యులు కారు. రోగుల బంధువులే, ఎక్కువగా తల్లులును అక్కచెల్లెండ్రును. నూటికి ముప్పది వరకు ఉన్న మరణములు నూటికి నాలుగుకంటె తక్కువకు దిగెను. మన యింటిలో ఓ.ఆర్.ఎస్. పొట్లమును విప్పునపుడు మనము చేయునది ఆ పనియే.

ఆ పొట్లము విషయమున ఒక జాగ్రత్త. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రము ప్రకారము 20.5 గ్రాముల పెద్ద పొట్లమును సరిగా ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలుపవలెను. ఒక గ్లాసుకు సరిపోవు చిన్న పొట్లములును అంగళ్లలో గలవు. ఏది ఎంత నీటికో పైనున్న వ్రాతను చదువక కలుపరాదు. పెద్ద పొట్లమును గ్లాసెడు నీటిలో గుమ్మరించినచో ఉప్పు ఎక్కువై బిడ్డకు కీడు కలుగును. కలిపిన నీటిని ఇరువదినాలుగు గంటలు దాటిన పిమ్మట పారబోయవలెను. ఒకప్పుడు పండ్లరసముల వంటి తీపి పానీయములు ఓ.ఆర్.ఎస్. పేరును తగిలించుకొని అమ్ముడుపోయెడివి. 2025 అక్టోబరులో మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడరాదని ఆదేశించినది. ఆ తీపి ప్రేగులలోనికి మరింత నీటిని లాగి విరేచనములను పెంచును. సోడా పానీయములును, ఉత్త గ్లూకోజు నీళ్లును అంతే. పొట్లము దొరకని రాత్రివేళ లీటరు నీటికి తలకొట్టిన ఆరు చిన్న చెంచాల పంచదార, తలకొట్టిన అర చెంచా ఉప్పు కలిపి తెల్లవారువరకు నడుపుకొనవచ్చును. ఉప్పు వేసిన పలుచని గంజియు, ఉప్పు వేసిన మజ్జిగయు మంచివే.

రెండేండ్లలోపు బిడ్డకు ఒక్కొక్క విరేచనమునకు 50 మొదలు 100 మిల్లీలీటర్లు, అనగా పావు గ్లాసునుండి అర గ్లాసు వరకు. రెండేండ్లు దాటినవానికి దానికి రెట్టింపు. గ్లాసు నోటికి ఆనించి గడగడ త్రాగించినచో వెంటనే కక్కును. చెంచాతో పట్టవలెను. వాంతి అయినచో పది నిమిషములు ఆగి, మరల రెండు మూడు నిమిషముల కొక చెంచా చొప్పున మొదలిడవలెను. ఇది గంటల తరబడి సాగు పని. ఓపిక కావలసిన పని. అన్నము వద్దన్న ఆ అత్తగారి చేతికే ఈ చెంచా నప్పగింపుడు. ఆమెకంటె ఓపికగలవారు ఇంటిలో మరి యెవరును ఉండరు.

ఇక అన్నము. ప్రేగులకు విశ్రాంతి కావలెనని ఒకప్పుడు వైద్యులును పస్తుంచెడివారు. పస్తుంచిన పిల్లలను, వెంటనే ఆహారమిచ్చిన పిల్లలను పోల్చిచూచిన పరిశోధన 1948లోనే వెలువడినది. ఆహారమువలన కీడు కానరాలేదు. కారణము తెలిసికొన దగినది. ప్రేగు లోపొర కణములు కొలది దినములకొకమారు రాలి క్రొత్తవి పుట్టుచుండును. జబ్బు చెడగొట్టినది ఆ పొరనే. దానిని మరల కట్టుకొనుటకు సామగ్రి అన్నమునుండియే రావలెను. అందు కొంత ప్రేగు తనగుండా సాగిపోవు ఆహారమునుండి నేరుగా తీసికొనును. పస్తుంచుటయన్నచో ఇల్లు కూలిన వేళ ఇటుకల బండిని ఆపివేయుటయే. పెట్టినది కొంత విరేచనములో పోయినను, అధిక భాగము ఒంట బట్టును.

తల్లిపాలు త్రాగు బిడ్డకు పాలు ఆపనే కూడదు. ఎన్నిమారులడిగిన నన్నిమారు లియ్యవలెను. తక్కిన ఆహారమునకు మన వంటింటికంటె మంచి మందులకొట్టు లేదు. మెత్తని పెరుగన్నము, పెసరపప్పుతో పలుచగా వండిన పులగము, నెయ్యి ఒక చెంచా వేసిన పప్పన్నము, కారములేని ఇడ్లీ, మగ్గిన అరటిపండు, ఉడికించిన బంగాళాదుంప — ఇవన్నియు తగినవే. గ్రుడ్డు తినువారు ఉడికించిన గ్రుడ్డును మెదిపి పెట్టవచ్చును. అరటిపండు, కొబ్బరినీరు విరేచనములో పోయిన పొటాషియమును తిరిగి చేకూర్చును. నెయ్యి అనగానే భయపడువారు గలరు. చిన్న ముద్దలో ఎక్కువ బలము నింపునది ఆ చెంచెడు నెయ్యియే. సగ్గుబియ్యపు జావ, బార్లీ నీళ్లు త్రాగించుట తప్పు కాదు గాని, మూడు దినములు వాటితోనే వెళ్లదీయుట పేరు మార్చిన పస్తే. ఆవుపాలు అలవాటున్న బిడ్డకు సామాన్యముగా మానిపింప నక్కరలేదు. పాలు పట్టగానే విరేచనములు హెచ్చుచున్నచో కొన్నాళ్లు పెరుగుతో సరిపెట్టవచ్చును. బిడ్డ ఆకలి మందగించియుండును గనుక మూడు గంటల కొకమారు కొంచెము కొంచెముగా, బలవంతము లేక పెట్టవలెను.

విరేచనములను బంధించు మందులను బిడ్డలకు స్వంతముగా వాడరాదు. ప్రేగు కదలికను స్తంభింపజేసి అవి ప్రమాదము తేగలవు. జింకు మాత్ర మాత్రము మేలైనది: ఆరు నెలలు దాటిన బిడ్డకు దినమునకు 20 మిల్లీగ్రాముల చొప్పున 10 మొదలు 14 దినములు. విరేచనములు కట్టగానే మాత్ర మానివేయు వాడుక మంచిది కాదు.

బిడ్డ కన్నులు గుంటలు పడినను, ఏడ్చినప్పుడు కన్నీరు రాకున్నను, ఆరు గంటలు మూత్రము లేకున్నను, పొట్టమీది చర్మమును రెండు వ్రేళ్లతో పట్టి విడిచినప్పుడు మెల్లగా సర్దుకొనినను, మగతగా పడియున్నను, ఏమియు త్రాగలేకున్నను, విరేచనమున రక్తము గాని వాంతిలో ఆకుపచ్చని పసరు గాని కనబడినను ఇంటి వైద్యముతో కాలము గడుపక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. త్రోవలోను చెంచాతో త్రాగించుచునే యుండవలెను. మగతగా ఉండి మ్రింగలేని బిడ్డకు మాత్రము నోట ఏమియు పోయరాదు.

విరేచనములు సాధారణముగా మూడు మొదలు ఏడు దినములలో నిలిచిపోవును. చాలమంది యిండ్లలో జాగ్రత్త అంతటితో ముగియును. కాని అసలు తినవలసిన కాలము అప్పుడే మొదలగును. జబ్బులో తగ్గిన బరువు తిరిగి రాకముందే మరియొక జబ్బు తగిలినచో బిడ్డ ఎదుగుదల వెనుకబడును. అందుచే రెండు వారములపాటు ప్రతిదినము మామూలుకంటె ఒక పూట ఎక్కువ పెట్టవలెను. కోలుకొను బిడ్డకు ఆకలి తోడేలువలె పుట్టును. వాడడుగునదే అందుకు నిదర్శనము. సాయంకాలము నాలుగు గంటలవేళ, దీపములు పెట్టుటకు ముందు, ఆ అదనపు పూట నిశ్చయింపుడు. పప్పు, నెయ్యి కలిపిన చిన్న ముద్దలు నాలుగు, వాకిట కాకులను చూపించుచు నాయనమ్మయే తినిపించవచ్చును.