తట్ట అందుకునే రౌటర్

"సిగ్నల్ ఫుల్లున్నది సార్, స్పీడ్ మాత్రం సగమే వస్తున్నది. ఎందుకు?"

జీడిమెట్లలో మా పై వాటాలో ఉండే పాలిటెక్నిక్ కుర్రాడి ప్రశ్న ఇది. రౌటరు కింద హాల్లో ఉంది. స్లాబూ, అందులోని ఇనుప చువ్వలూ దాటేసరికి తరంగం నీరసించిపోతుంది. అందుకని అటక మీది పాత రౌటరు దులిపి, రిపీటర్ మోడ్‌లో మెట్ల మలుపు దగ్గర పెట్టాడు. ఫోన్లో గీతలన్నీ నిండాయి. కానీ అదే మలుపులో నిలబడి కింది రౌటరుకు నేరుగా తగిలిస్తే 40 ఎంబీపీఎస్ చూపిన ఫోను, పాతదాని మీదుగా 19 చూపింది.

స్లాబ్ వేసే రోజు గుర్తు తెచ్చుకోమన్నాను. కింద మాలు కలుపుతారు. నిచ్చెన మీద నిలబడ్డ మనిషి తట్ట అందుకుని పైకి అందిస్తాడు. అందుకునేటప్పుడు అందించలేడు, అందించేటప్పుడు అందుకోలేడు. పాత రౌటరుది సరిగ్గా అదే పని. దానికున్నది ఒకే రేడియో, వాడేది ఒకే ఛానెల్. ప్రతి డేటా పొట్లం గాలిలో రెండుసార్లు ప్రయాణించాలి: కింది నుంచి దానికి ఒకసారి, దాని నుంచి ఫోనుకు మరోసారి. సగం సమయం అక్కడే పోయింది.

రౌటరు మాట్లాడుతూనే వినలేదా? రౌటరు వదిలే శక్తి సుమారు 100 మిల్లీవాట్లు. దూరపు గదిలోని ఫోను నుంచి దానికి చేరేది అందులో వంద కోట్లలో ఒక వంతు కూడా ఉండకపోవచ్చు. తన కేకలో ఆ గుసగుస మునిగిపోతుంది. అందుకే వైఫైలో ముందు వినాలి. ఎవరైనా మాట్లాడుతుంటే ఆగాలి. వాళ్లది అయ్యాక ప్రతి యంత్రం తోచిన అంకె ఒకటి అనుకుని సున్నా దాకా లెక్కపెడుతుంది. ఇప్పటి వైఫైలో ఒక్కో లెక్క 9 మైక్రోసెకన్లు. ముందు సున్నాకు చేరినవారిదే వంతు. ఇద్దరూ ఒకేసారి చేరి ఢీకొంటే, ఈసారి ఇంకా పెద్ద అంకెల్లోంచి ఎంచుకుంటారు. ఢీకొన్నవాళ్లు తోచినంతసేపు ఆగి మళ్లీ పంపడమనే ఈ ఆలోచనను హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం 1971లో అలోహానెట్‌గా నడిపి చూపింది. పెద్దమనిషి లేకుండానే పంచాయతీ సర్దుకునే ఈ పద్ధతి నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా ముచ్చటేస్తుంది.

అయితే నిచ్చెన మీది మనిషి కష్టం దీంతో తీరదు. దాన్ని తీర్చే అందమైన ఉపాయం ఊళ్ల మధ్య పుట్టింది. 2000 తర్వాతి సంవత్సరాల్లో పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ 'అశ్విని' పేరుతో ఊరి నుంచి ఊరికి వైఫైనే టవర్ల మీదుగా దాటించింది. దాదాపు అదే కాలంలో ఐఐటీ కాన్పూర్‌లో భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు ఇలాంటి దూరపు లింకుల మీదే పనిచేస్తున్నారు. 2005లో వాళ్లు 2పీ అనే పద్ధతి ప్రచురించారు. టవరు మీద ఒక్కో దిక్కుకు ఒక్కో రేడియో ఉంటుంది. మామూలు వైఫైలో ఒకటి మాట్లాడితే పక్కది ఆ కేక విని నోరు మూసుకుంటుంది. వాళ్లు ఆ వినే అలవాటునే తీసేశారు. టవరు మీది రేడియోలన్నీ కలిసి ఒకేసారి మాట్లాడతాయి, తర్వాత అన్నీ కలిసి ఒకేసారి వింటాయి. అందరూ వింటున్నప్పుడు పక్కన కేకే లేదు. అందరూ మాట్లాడుతున్నప్పుడు వినాల్సిన పనే లేదు! 1, 3 టవర్లు మాట్లాడుతుంటే 2, 4 వింటాయి, తర్వాత వంతు మారుతుంది. ఒకే ఛానెల్‌లో ఏ లింకూ ఖాళీగా ఉండదు. కొత్త యంత్రమేదీ లేదు, మామూలు వైఫై కార్డుల డ్రైవరు మార్చి దీన్ని చేసి చూపారు.

ఇప్పుడు ఇల్లంతా సిగ్నల్ పంచే కొన్ని మెష్ పెట్టెల్లో తమలో తాము మాట్లాడుకోవడానికే విడిగా ఒక రేడియో ఉంటోంది.

మా ఇంట్లో అంత అవసరం పడలేదు. నిచ్చెన మీది మనిషికి ఒక చెయ్యి ఖాళీ చేస్తే చాలు. పాత రౌటరు చిరునామా 192.168.1.2గా మార్చి, అందులో డీహెచ్‌సీపీ ఆపేశాం. ఇంట్లో చిరునామాలు పంచేవారు ఒక్కరే ఉండాలి, లేకపోతే ఫోన్లు దారి తప్పుతాయి. కింది రౌటరు ల్యాన్ రంధ్రం నుంచి దీని ల్యాన్ రంధ్రానికి మెట్ల వెంబడి తీగ లాగాం. పేరూ పాస్‌వర్డూ రెండింటికీ ఒకటే. ఛానెల్ మాత్రం కింద 1, పైన 6. ఇక తట్టలు అందుకునేది తీగ మీద, అందించేది గాలిలో.

పై గదిలో ఫోను 38 చూపింది. కుర్రాడు ఆ అంకె ఒక్కసారి చూసి ఊరుకున్నాడు. సుద్దముక్క తెచ్చి మెట్ల మీద 1, 2, 3, 4 అని వేసి, ఏ టవరు ఎప్పుడు మాట్లాడాలో బాణాలు గీస్తూ కూర్చున్నాడు.