కాగితం లేని సూది

(ఆకాశవాణి స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మేముండేది మదీనాగూడలో. సాయంత్రం ఆరు దాటాక పాత బొంబాయి రోడ్డు మీద నిలబడితే హైటెక్ సిటీ నుంచి, కొండాపూర్ నుంచి ఆఫీసు పిల్లలు గుంపులు గుంపులుగా దిగుతూ కనిపిస్తారు. పొద్దున కుర్చీలో కూర్చుంటే మళ్లీ చీకటి పడ్డాకే లేవడం. తిండికి వేళ లేదు, నిద్రకు వేళ లేదు. మరి ఒళ్లు రాక ఏం చేస్తుంది చెప్పండి? ఆ పిల్లలదాకా ఎందుకు, ఇంట్లో ఉన్న మనం మాత్రం తక్కువ తిన్నామా! 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ఆడవాళ్లలో నూటికి 30 మంది ఉండవలసిన దానికన్నా ఎక్కువ బరువున్నారని తేలింది.

అంచేత రోడ్డు పొడుగునా బరువు తగ్గిస్తామనే బోర్డులు వెలిశాయంటే ఆశ్చర్యం లేదు. వాటిలో మంచివీ ఉన్నాయి, మరో రకానివీ ఉన్నాయి. ఏది ఏదో తెలుసుకోవడం ఎలాగన్నదే ఈ రోజు నా ప్రసంగం. నేను డాక్టర్ని కాను, మెట్రిక్ పాసైన గృహిణిని. మా ఇంట్లో జరిగిన ఒక సంగతి వల్ల ఇదంతా తెలుసుకోవలసి వచ్చింది.

మా ఆడపడుచు కూతురికి మాఘమాసంలో పెళ్లి కుదిరింది. ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు, బరువు 62 కిలోలు. చక్కగానే ఉంటుంది పిల్ల. కార్తీకంలో ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చి, కంచం ముందు ఊరికే కూర్చుంది.

"ఏమ్మా, నీకిష్టమని గుత్తివంకాయ చేశాను, ముట్టుకోవేం?" అన్నాను.

"కడుపులో తిప్పుతోంది అత్తయ్యా. సూది వేయించుకున్న మర్నాడు ఇలాగే ఉంటుంది. రెండు రోజులు మంచినీళ్లు కూడా నిలవవు" అంది.

ఏం సూది అంటే, బరువు తగ్గే సూదిట. రాసిచ్చిన చీటీ చూపించమన్నాను. చీటీ లేదు, ప్యాకేజీ కట్టిన రసీదు ఉంది. అందులో క్లినిక్ పేరు, కట్టిన డబ్బు, "రెండో నెల" అన్న మాట తప్ప ఇంకేమీ లేదు. మందు పేరు లేదు, మోతాదు లేదు, డాక్టరు పేరు లేదు. డాక్టరుగారు ఏమన్నారని అడిగితే, "డాక్టర్ని నేను చూడనే లేదు. కౌన్సిలరని ఒకావిడ ఉంటుంది. తూకం చూసి ప్యాకేజీ చెబుతుంది, నర్సు సూది వేస్తుంది" అంది.

నా గుండె గుభేలుమంది. కిరాణా కొట్లో చింతపండు కొన్నా సరుకు పేరు, తూకం రాసి ఇస్తారు గదా. ఒంట్లోకి వెళ్లే మందుకు ఆ మాత్రం రాత లేకపోవడమేమిటి?

మర్నాడు మాకు తెలిసిన జనరల్ మెడిసిన్ డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మొదట అడిగిన ప్రశ్న, "ఏ మందు, ఎంత మోతాదు?" అని. ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. వాంతులతో ఒంట్లో నీరు తగ్గిపోయిందని, మూత్రపిండాల పరీక్ష చేయించమని, ఆ వారం సూది ఆపమని ఆయన చెప్పారు. ఆ తరువాత నెమ్మదిగా కూర్చోబెట్టి సంగతి వివరించారు.

ఈ మందుల్లో ముఖ్యమైనవి రెండు. ఒకటి సెమాగ్లూటైడ్, రెండోది టిర్జెపటైడ్. మనం అన్నం తిన్నప్పుడు పేగుల్లో ఊరే ఒక హార్మోనును పోలి ఇవి పనిచేస్తాయి. ఆకలి తగ్గుతుంది, తిన్నది కడుపులోంచి నెమ్మదిగా కదులుతుంది. వారానికొక సూది. మన దేశంలో టిర్జెపటైడ్ మౌంజారో పేరుతో 2025 మార్చిలోను, సెమాగ్లూటైడ్ బరువు కోసం వెగోవీ పేరుతో 2025 జూన్‌లోను అమ్మకానికి వచ్చాయి. సెమాగ్లూటైడ్ మీద పేటెంటు గడువు మన దేశంలో 2026 మార్చి వరకే. పేటెంటు తీరాక ఎవరైనా అనుమతి తెచ్చుకుని తయారు చేయవచ్చు. ధర తగ్గితే వాడేవాళ్లు పెరుగుతారు గనక, మనం మరింత తెలివిగా ఉండవలసిన రోజులివి.

మందు పనిచేయదని నేననడం లేదు. 2021లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో 1961 మంది పాల్గొన్నారు. సెమాగ్లూటైడ్ తీసుకున్నవాళ్లు 68 వారాల్లో సగటున నూటికి 15 వంతుల బరువు తగ్గారు. ఉత్త సూది వేసుకున్నవాళ్లు రెండున్నర వంతులు కూడా తగ్గలేదు. ఐతే మందు ఆపిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. పెళ్లి ఫోటోల కోసం మూడు నెలలు వేసుకుని మానేసే సరుకు కాదన్నమాట. తిండి, నడక మారకపోతే సూది ఒక్కటే మోయలేదు.

ఇక ఎవరికి ఇవ్వాలి? బరువును కిలోల్లో, ఎత్తును మీటర్లలో తీసుకుని, బరువును ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకెను బి.ఎం.ఐ. అంటారు. అది 30 దాటితే ఈ మందు ఇవ్వవచ్చు. 27 దాటి, దానితోపాటు బి.పి., షుగరు లాంటి జబ్బు ఉన్నా ఇవ్వవచ్చు. ఐదడుగుల రెండంగుళాల మనిషైతే 27 అంటే సుమారు 67 కిలోలు, 30 అంటే 74 కిలోలు. మా పిల్ల లెక్క 24 వచ్చింది. అంటే ఆ సూది తనకు రాయవలసిందే కాదు!

మోతాదు సంగతి వినండి. సెమాగ్లూటైడ్ మొదటి నాలుగు వారాలు పావు మిల్లీగ్రాము, తరువాత నాలుగు వారాలు అర మిల్లీగ్రాము, అలా మెట్టుమెట్టుగా పెంచాలి. టిర్జెపటైడ్ ఐతే రెండున్నర మిల్లీగ్రాములతో మొదలు. మెట్టు దాటవేస్తే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. అరుదుగా క్లోమం వాచడం, పిత్తాశయంలో రాళ్లు కూడా రావచ్చు. ఆగకుండా కడుపునొప్పి వచ్చి వీపులోకి పాకితే ఇంట్లో వాము నీళ్లు తాగుతూ కూర్చోకూడదు, ఆస్పత్రికి వెళ్లాలి.

కుటుంబంలో మెడుల్లరీ థైరాయిడ్ అనే ఒక రకం క్యాన్సరు ఉన్నవాళ్లకు ఈ మందులు ఇవ్వరు. మనలో చాలామంది పొద్దున్నే మాత్ర వేసుకునే మామూలు థైరాయిడ్ వేరు, దాన్ని చూసి బెదరక్కర్లేదు. షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు ఈ సూది తోడైతే చక్కెర మరీ పడిపోవచ్చు గనక, ఆ మోతాదు కూడా డాక్టరే సరిచూడాలి.

ఆడపిల్లల తల్లులు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. బిడ్డ కావాలనుకుంటే సెమాగ్లూటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ మొదలుపెట్టినప్పుడు, మోతాదు పెంచినప్పుడల్లా, నాలుగు వారాలపాటు గర్భనిరోధక మాత్రను నమ్ముకోకూడదు, వేరే జాగ్రత్త కూడా తీసుకోవాలి. మాఘంలో పెళ్లి పెట్టుకున్న పిల్లకు ఈ ముక్క ఆ క్లినిక్‌లో ఎవరూ చెప్పలేదు. పెళ్లి ఎప్పుడని కూడా అడగలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా!

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూద్దాం. ఈ మందులు డాక్టరు చీటీ మీదే అమ్మాలి. అది కూడా ఎండోక్రినాలజిస్టు గాని, జనరల్ మెడిసిన్ నిపుణుడు గాని రాయాలనే షరతుతో అనుమతి ఇచ్చారు. కొన్ని జబ్బులకు మాత్రం గుండె నిపుణులూ రాయవచ్చు. కౌన్సిలరు, డైటీషియను, బ్యూటీషియను రాయడానికి వీల్లేదు. 1945 నాటి ఔషధ నియమాల ప్రకారం చీటీ మీద రోగి పేరు, చిరునామా, మందు మోతాదు, మొత్తం ఎంత ఇవ్వాలన్నది, తేదీ, డాక్టరు సంతకం ఉండాలి. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు చీటీ మీద, క్లినిక్‌లోను కనబడాలి. డాక్టరు తన సొంత రోగికి మందు ఇవ్వవచ్చు గాని, దుకాణంలా తెరిచి అమ్మాలంటే లైసెన్సు, ఫార్మసిస్టు ఉండాలి.

ఫోనులో చూపించుకోవడం తప్పు కాదు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు అందుకు అనుమతిస్తాయి. కాని అవతల ఉన్నది రిజిస్టరైన డాక్టరై ఉండాలి. కంప్యూటరు యంత్రం తనంతట తాను సలహా చెప్పి మందు రాయడం నిషిద్ధం.

ప్రకటనల మాటకొస్తే, 1954లో వచ్చిన చట్టం ఒకటుంది. మందులతో ఫలానా జబ్బులు నయం చేస్తామని ప్రకటించకూడదంటూ ఒక జాబితా ఇచ్చింది. అందులో స్థూలకాయం ఉంది. డాక్టరు తన క్లినిక్ గుమ్మం మీద ఫలానా వైద్యం చేయబడునని బోర్డు పెట్టుకోవచ్చు. "నెలకు పది కిలోలు గ్యారంటీ, ఈ మందు వాడండి" అని ప్రచారం చేస్తే మాత్రం నేరం. మొదటిసారి నేరం రుజువైతే ఆరు నెలలదాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఇన్ని నియమాలెందుకంటారా? పాత అనుభవాలు చేదువి గనక. ఫెన్‌ఫ్లూరమిన్ అనే బరువు మందు గుండె కవాటాలను పాడు చేస్తోందని 1997లో అమెరికాలో మార్కెట్టు నుంచి తీసేశారు. సిబుట్రమిన్ అనే మాత్రను గుండెపోటు భయంతో మన ప్రభుత్వం 2011 ఫిబ్రవరిలో నిషేధించింది. రెండూ మొదట వచ్చినప్పుడు అద్భుతాలే!

మంచి క్లినిక్ ఎలా ఉంటుందంటే, అక్కడ డాక్టరు స్వయంగా చూస్తారు. ఎత్తు, బరువు, బి.పి. కొలుస్తారు. పాత జబ్బులు, వాడే మందులు, ఇంట్లోవాళ్ల జబ్బులు అడుగుతారు. షుగరు, మూత్రపిండాల లాంటి పరీక్షలు చేయిస్తారు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, పెంచేముందు మళ్లీ చూస్తారు. మందు సీలు మీ ఎదుట తీస్తారు, పేరు, గడువు తేదీ చూపిస్తారు. ఒకరి పెన్ను ఇంకొకరికి వాడరు. సూది మొన మార్చినా అది తప్పే, రక్తం ద్వారా జబ్బులు అంటుతాయి. తెరవని పెన్నును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచుతారు. ఇంట్లోనైనా ఫ్రిజ్‌లో పెట్టాలి గాని పైన ఐసు గడ్డకట్టే అరలో పెట్టకూడదు. తెలంగాణలో అమలులో ఉన్న క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం ప్రకారం క్లినిక్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలి, రేట్లు తెలుగులో కూడా రాసి పెట్టాలి.

మా కథ ఏమైందంటారా? కాగితాలివ్వమని ఆ క్లినిక్‌కు వెళ్లి అడిగితే, "మా దగ్గర అలాంటి పద్ధతి లేదండీ" అన్నారు. రోగి అడిగితే 72 గంటల్లోగా వైద్య రికార్డులు ఇవ్వాలని ఆ 2002 నియమావళిలోనే ఉంది. ఆ మాట రాసి, పిల్ల చేత సంతకం పెట్టించి, నకలు మీద వాళ్ల ముద్ర వేయించుకుని వచ్చాను. మూడో రోజున ఒక కాగితం చేతిలో పెట్టారు. మందు సెమాగ్లూటైడ్. మొదటి వారమే ఒక మిల్లీగ్రాము, అంటే నాలుగింతలు! ఆ కాగితం చూశాకే మా డాక్టరుగారు ఇక ఈ మందు వద్దని నిశ్చయంగా చెప్పగలిగారు. కట్టిన డబ్బు తిరిగి రాలేదు. పిల్ల మాత్రం కోలుకుంది. 62 కిలోలతోనే పెళ్లిపీటల మీద కూర్చుంది, కడుపునిండా పప్పన్నం తింది.

మీకు ఇలాంటిది ఎదురైతే ఊరుకోకండి. మందు అమ్మకం గురించి, తప్పుడు ప్రకటన గురించి తెలంగాణ ఔషధ నియంత్రణ సంస్థకు చెప్పవచ్చు, ఉచిత ఫోను 1800-599-6969. డాక్టరు నడవడి గురించి తెలంగాణ మెడికల్ కౌన్సిలుకు, క్లినిక్ గురించి జిల్లా వైద్యాధికారికి రాయవచ్చు. మందు వికటిస్తే 1800-180-3024కు చెబితే జాతీయ స్థాయిలో నమోదవుతుంది. డబ్బు తగాదాకు వినియోగదారుల ఫోను 1915.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. డాక్టరు పేరేమిటి, మందు పేరేమిటి, మోతాదెంత, ఎప్పుడు ఆపాలి, ఈ నాలుగూ కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. మంచి డాక్టరు నొచ్చుకోరు. రాసి ఇవ్వమంటే మొహం చిట్లించిన చోట చెయ్యి చాపకండి.



— ఆకాశవాణి సౌజన్యంతో