అరగని టైరుకూ ఆయుష్షుంది

వేసవి సెలవులు దగ్గరపడగానే ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లోని తెలుగు ఇళ్లలో ఒక చర్చ మొదలవుతుంది. ఊరికి రైల్లో వెళ్లాలా, కారులో వెళ్లాలా? బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఇక్కడి వర్క్‌షాపులో పని కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఈ పట్టణంలో తరతరాలుగా ఉన్నాయి. బంధువులు, పెళ్లిళ్లు, గ్రామదేవతల పండుగలు మాత్రం ఇంకా శ్రీకాకుళం, విజయనగరం వైపే. రిజర్వేషన్ దొరక్కపోతే మిగిలింది 16వ నంబరు జాతీయ రహదారి. బాలేశ్వర్, భువనేశ్వర్, బరంపురం మీదుగా శ్రీకాకుళానికి ఆరు వందల కిలోమీటర్ల పైమాటే.

పదవీ విరమణ చేసిన ఒక ఉద్యోగి కారు అలాంటి ప్రయాణానికి సిద్ధమవుతోందనుకుందాం. కొని ఎనిమిదేళ్లయింది. బజారుకు, గుడికి, ఆసుపత్రికి తప్ప బయటికి తీయలేదు. మీటరు మీద పాతిక వేల కిలోమీటర్లు కూడా లేవు. టైర్ల గాడులు లోతుగానే ఉన్నాయి, గాలి సరిపోయింది. ‘కొత్తవాటిలా ఉన్నాయి, ఇప్పుడు మార్చడం డబ్బు దండగ’ అని ఇంటాయన, ‘ఎనిమిదేళ్లయింది కదా నాన్నా’ అని కొడుకు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. తీర్పు చెప్పాల్సింది రబ్బరు రసాయనశాస్త్రం.

లోపల జరిగే మార్పు

టైరు రెండు రకాలుగా పాతబడుతుంది. ఒకటి అరుగుదల. ఇది కిలోమీటర్లను బట్టి ఉంటుంది, కంటికి కనిపిస్తుంది. రెండోది వయసు. ఇది క్యాలెండరును, వేడిని బట్టి ఉంటుంది, చాలావరకు కంటికి కనిపించదు.

సహజ రబ్బరు పొడవాటి గొలుసుల్లాంటి అణువుల సముదాయం. గంధకంతో కలిపి వేడి చేస్తే ఆ గొలుసుల మధ్య వంతెనలు ఏర్పడి, సాగినా మళ్లీ మొదటి ఆకారానికి వచ్చే గట్టి పదార్థం తయారవుతుందని చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొన్నాడు. అదే వల్కనీకరణం. అయితే అణువుల గొలుసుల్లో మిగిలి ఉండే ద్విబంధాలను ఆక్సిజన్, ఓజోన్ వదిలిపెట్టవు. ఓజోన్ పైనుంచి దాడి చేస్తుంది. సాగి ఉన్న చోట రబ్బరును కోసి, టైరు పక్క గోడల మీద సన్నని బీటలు తెస్తుంది. ఆక్సిజన్ దాడి లోపలి నుంచి. టైరులో నింపిన గాలి పీడనం బయటికంటే ఎక్కువ కాబట్టి, అందులోని ఆక్సిజన్ లోపలి పొరను దాటి కొద్దికొద్దిగా రబ్బరులోకి చేరుతూనే ఉంటుంది. కొత్త వంతెనలు పుట్టి రబ్బరు గట్టిపడుతుంది, సాగే గుణం తగ్గుతుంది.

దీన్ని ఆలస్యం చేయడానికి తయారీదారులు మైనం, ఓజోన్‌ను అడ్డుకునే రసాయనాలు కలుపుతారు. చక్రం తిరుగుతూ టైరు వంగుతుంటే ఇవి మెల్లగా పైకి చేరి రక్షణ పొరగా ఏర్పడతాయి. కవరు కప్పి నెలల తరబడి కదలకుండా ఉంచిన కారుకు ఈ మేలు సరిగా అందదు. తక్కువ తిరిగిన టైరు తప్పనిసరిగా మంచి టైరు కాకపోవడానికి ఇదొక కారణం.

అసలు ప్రమాదం ఉండేది ట్రెడ్ కింద, ఉక్కు తీగల పట్టీల అంచుల దగ్గర. నడిచేటప్పుడు ఎక్కువ ఒత్తిడి, ఎక్కువ వేడి అక్కడే. సాగే గుణం పోయిన రబ్బరు అక్కడ చిట్లి, పగులు పెరుగుతూ పోతే, ఒకరోజు ట్రెడ్ మొత్తం పొరలా ఊడిపోవచ్చు. కాలనీ వీధుల్లో ఏళ్ల తరబడి బాగానే నడిచిన టైరుకు పూర్తి బరువు, అధిక వేగం, మండే రోడ్డు మూడూ ఒకేసారి ఎదురయ్యేది ఇలాంటి దూర ప్రయాణంలోనే.

వేడి లెక్క

రసాయన చర్యల వేగం ఉష్ణోగ్రతతో పెరుగుతుంది. పది డిగ్రీలకు దాదాపు రెట్టింపు అన్నది స్థూలమైన లెక్క. అంటే 30 డిగ్రీల్లో ఆరేళ్లు పట్టే మార్పుకు 40 డిగ్రీల్లో మూడేళ్లు చాలు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎర్రమట్టి నేల ఖరగ్‌పూర్‌కు ఈ లెక్క చిన్న విషయం కాదు.

అమెరికా రహదారి భద్రతా సంస్థ 2007లో వెలువరించిన నివేదిక ఇదే చెబుతోంది. ఒక పెద్ద బీమా సంస్థ ఖాతాదారుల్లో 27 శాతం మంది టెక్సస్, కాలిఫోర్నియా, లూసియానా, ఫ్లోరిడా, అరిజోనా అనే అయిదు వేడి రాష్ట్రాల వారు. టైర్లకు సంబంధించిన క్లెయిముల్లో మాత్రం 77 శాతం అక్కడివే. వాటిలో 84 శాతం ఆరేళ్లు దాటిన టైర్లవి.

ఎన్నేళ్లు?

ఈ ప్రశ్నకు ప్రపంచమంతా ఒప్పుకున్న ఒకే అంకె లేదు. టైరును కోయకుండా దాని లోపలి రబ్బరు ఎంత గట్టిపడిందో ఇంట్లో తేల్చే పరీక్షా లేదు. అందుకే కంపెనీలు జాగ్రత్త హద్దులు పెట్టాయి. ఆరేళ్లకు మార్చమని ఫోర్డ్ వంటి కార్ల తయారీదారులు చెబుతారు. అయిదేళ్లు వాడాక ఏటా నిపుణుడితో చూపించుకోవాలని, తయారై పదేళ్లు నిండితే చూడటానికి బాగున్నా తీసేయాలని మిషెలిన్ సలహా.

చూడటానికి బాగుండటం ఎంత మోసమో బ్రిటన్‌కు 2012లో తెలిసింది. సంగీతోత్సవం నుంచి తిరిగి వస్తున్న బస్సు ముందు టైరు పేలి ముగ్గురు చనిపోయారు. ఆ టైరు వయసు 19 ఏళ్లు దాటింది. మృతుల్లో ఒకరి తల్లి ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి లారీలు, బస్సుల ముందు చక్రాలకు పదేళ్లు దాటిన టైర్లు వాడటాన్ని 2021 ఫిబ్రవరి నుంచి అక్కడ నిషేధించారు.

వర్క్‌షాపు పాఠం

నిజానికి రైల్వే పట్టణానికి ఇది కొత్త పాఠం కాదు. నిర్ణీత కాలానికి ఓవర్‌హాలింగుకు వచ్చిన పెట్టెల ఎయిర్ బ్రేకు కవాటాలను విప్పినప్పుడు, వాటిలోని రబ్బరు సీళ్లను ‘ఇంకా బాగానే ఉన్నాయి’ అని తిరిగి బిగించరు. తప్పనిసరిగా మార్చాల్సిన వాటి జాబితాలో అవి ఉంటాయి. రబ్బరును చూపుతో కాకుండా తేదీతో అంచనా వేయాలన్నది అక్కడి క్రమశిక్షణ. ఉద్యోగమంతా ఆ నియమం పాటించిన మనిషి కూడా ఇంటి ముందున్న కారు దగ్గరికి వచ్చేసరికి గాడుల లోతు చూసి సరిపెట్టుకుంటాడు.

ఆ తేదీ టైరు మీదే ఉంటుంది. పక్క గోడ మీద ‘డాట్’ అనే ఆంగ్ల అక్షరాలతో మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు చూడాలి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం, అంటే జూన్ మొదట్లో తయారైందని. బయటివైపు ఆ అంకెలు లేకపోతే లోపలివైపు వెతకాలి. కొత్త టైరు కొనేటప్పుడూ బిల్లు మీది తేదీ కాదు, ఈ అంకెలే చూసుకోవాలి.

ఇక నిర్ణయం. గాడుల మధ్య ఉండే చిన్న దిమ్మెలతో ట్రెడ్ సమానమైతే 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని అర్థం. వయసుతో పనిలేకుండా మార్చాలి. పక్క గోడ ఉబ్బినా, బీటలు లోతుగా ఉన్నా, తీగలు కనిపించినా అంతే. ఇవేవీ లేకపోయినా అయిదేళ్లు దాటితే ఏటా చక్రం విప్పించి లోపలివైపు కూడా చూపించాలి. ఆరేళ్లు దాటిన టైర్లతో ఎండాకాలంలో హైవే ప్రయాణం పెట్టుకోకపోవడం మేలు. పదేళ్లు దాటితే ఇంక చర్చే లేదు. డిక్కీలోని స్టెప్నీకీ ఇదే లెక్క. ఒక్కసారి కూడా వాడకపోయినా దాని వయసు ఆగదు.

నాలుగూ ఒకేసారి మార్చడం పింఛను మీద భారమైతే రెండు మార్చి, కొత్తవాటిని వెనుక చక్రాలకు వేయాలి. తడి రోడ్డు మీద వెనుక పట్టు ముందుగా తప్పితే కారు గిర్రున తిరిగిపోతుంది, అదుపు చేయడం కష్టం. అయితే మిగిలిన రెండింటి వయసూ ఆరు దాటి ఉంటే, ఈ సర్దుబాటు ఊళ్లో తిరగడానికే తప్ప దూర ప్రయాణానికి కాదు. ప్రతి నెలా చల్లగా ఉన్నప్పుడు గాలి చూసుకోవడం ఖర్చు లేని జాగ్రత్త. గాలి తగ్గిన టైరు ఎక్కువగా వంగుతుంది, వేడెక్కుతుంది, తొందరగా ముసలిదవుతుంది.

కాబట్టి ఎనిమిదేళ్ల టైర్ల విషయంలో కొడుకు మాటే సైన్సుకు దగ్గర. అవి రేపే పేలుతాయని కాదు. పేలవని చెప్పగల ఆధారం ఎవరి దగ్గరా లేదని. వేసవి ప్రయాణానికి ముందు కొత్తవి వేయించడమో, రైలు టిక్కెట్టు కోసం మరోసారి ప్రయత్నించడమో, రెండింట్లో ఏదైనా తెలివైన పనే.