ఐసు మీద చేపల వేట – మెడలో రెండు మేకులు



చేపలు పట్టడం మనలో చాలామందికి తెలిసిన పనే. గాలం వేస్తాం, వల వేస్తాం, వాగులో బుట్ట పెడతాం. కాని చెరువంతా రాయిలాగా గడ్డకట్టి, దాని మీద మనుషులు నడుస్తూ ఉంటే చేపలు ఎట్లా పట్టాలి? ఫిన్లాండ్, కెనడా, అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం వంటి చోట్ల చలికాలంలో వేట ఇట్లాగే ఉంటుంది. దానికి ఏం సామాను కావాలి, అందులో ప్రాణం కాపాడేది ఏది – చూద్దాం.

చేపలు చచ్చిపోవా?

సైన్సులో నీటి అసంగత వ్యాకోచం చదువుకున్నాం కదా! నీరు 4 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర అన్నిటికంటే సాంద్రంగా ఉంటుంది. కాబట్టి ఆ నీరు అడుగుకు పోతుంది. ఇంకా చల్లబడిన నీరు పైనే ఉండి, 0 డిగ్రీల దగ్గర ఐసు అవుతుంది. ఐసు తేలిక కనుక తేలుతుంది. పైన దుప్పటిలాగా ఐసు, కింద నీరు, నీటిలో చేపలు.

కావలసిన సామాను

1. గునపం: అడుగు వేసే ముందు ఎదురుగా ఐసును పొడిచి చూడాలి. చిల్లు పడిందా, వచ్చిన దారినే వెనక్కి పోవాలి.

2. ఐసు బర్మా: వడ్రంగి బర్మా లాంటిదే, కాని పెద్దది. దీన్ని తిప్పి ఐసుకు రంధ్రం చేస్తారు.

3. చిల్లుల గరిటె: రంధ్రంలో మళ్ళీ మళ్ళీ పేరుకునే ఐసు ముక్కలు తీసేయడానికి.

4. పొట్టి గాలం కర్ర: రెండు మూడడుగులు చాలు. రంధ్రం పక్కనే కూర్చుంటారు కదా!

మిన్నెసోటాలోని ఒజిబ్వే అనే ఆదివాసులది ఇంకో పద్ధతి. రంధ్రం మీద వెలుతురు పడకుండా కప్పు వేసుకుంటారు. అప్పుడు లోపలి నీరు స్పష్టంగా కనపడుతుంది. చెక్కతో చేసిన ఎర చేపను నీటిలో ఆడిస్తారు. దాని కోసం పెద్ద చేప వస్తే ఈటెతో పొడుస్తారు.

5. ఉన్ని బట్టలు: నూలు బట్ట తడిస్తే ఒంటి వేడిని లాగేస్తుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది.

ఐసు ఎంత మందం ఉండాలి?

మిన్నెసోటా సహజ వనరుల శాఖ లెక్క ఇది: మనిషి నడవాలంటే గట్టి, తేట ఐసు కనీసం 4 అంగుళాలు ఉండాలి. తెల్లని ఐసుకు బలం తక్కువ, కాబట్టి రెండింతలు మందం కావాలి. చెరువులోకి వాగు కలిసే చోట ఐసు పలచగా ఉంటుంది. ఏ ఐసూ పూర్తిగా నమ్మదగినది కాదని కూడా ఆ శాఖ చెబుతుంది.

ఐసు విరిగితే?

ఇప్పుడు అసలు సంగతి. రెండు చెక్క పిడులు, వాటికి మొనదేలిన మేకులు, రెండింటినీ కలుపుతూ ఒక తాడు. ఇది చవకైన సామానే. దీన్ని సంచిలో పెడితే లాభం లేదు, మెడలోనే ఉండాలి. ఎందుకంటే ఐసు అంచు నున్నగా ఉంటుంది, తడి చేతికి పట్టు దొరకదు.

కెనడాలో చలి మీద పరిశోధన చేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ప్రొఫెసరు 1-10-1 అని లెక్క చెప్పాడు. పడగానే ఎగశ్వాస వస్తుంది; దాన్ని అదుపు చేసుకోవడానికి 1 నిమిషం. చేతులు కాళ్ళు మాట వినేది సుమారు 10 నిమిషాలు. చలికి స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. అంటే సాధారణంగా పడగానే చచ్చిపోరు, కంగారు పడితే ముప్పు పెరుగుతుంది.

వచ్చిన వైపుకే తిరగాలి, అక్కడి ఐసు మనల్ని మోసింది కదా. మేకులు ఐసులో గుచ్చి, ఈత కొట్టినట్టు కాళ్ళు ఆడిస్తూ పైకి పాకాలి. బయటికి రాగానే లేచి నిలబడకూడదు. బరువంతా ఒకేచోట పడి మళ్ళీ విరుగుతుంది. దొర్లుకుంటూ పోవాలి.

తరువాత తడి బట్టలు తీసేసి పొడివి కట్టుకోవాలి. నిప్పు రాజేయాలంటే మంచు మీద ముందు పచ్చి దుంగలు పరచాలి, లేకపోతే మంచు కరిగి నిప్పు ఆరిపోతుంది. అగ్గిపెట్టె నీరు చొరని డబ్బాలో ఉండాలి. సారా తాగితే వేడి పుడుతుందనుకోవడం తప్పు. చర్మంలోని రక్తనాళాలు వెడల్పై ఉన్న వేడి కూడా బయటికి పోతుంది.

మనకేం పనికొస్తుంది?

మన చెరువులు గడ్డకట్టవు. కాని అక్కడ పక్కవాడు పడితే చెప్పే సూత్రం మనదే అనుకోవాలి: దగ్గరికి పరుగెత్తవద్దు, దూకవద్దు. కర్ర అందించు, తాడు విసురు, పెద్దలను కేకవెయ్యి. వానాకాలంలో మన వాగుకూ ఇదే మాట. స్నేహితుడి కోసం దూకితే ఇద్దరూ పోవచ్చు.

వార్డెన్ గారికి ఒక మనవి. వాగుకు పోయే రోజున మనతో ఒక పొడుగాటి తాడు కూడా రావాలి సార్!