నందికొండకు ఎంతమంది ఎక్కొచ్చు?

మాది నాగరగెరె, గౌరిబిదనూరు తాలూకా. బోర్డులు కన్నడంలో ఉంటాయి, ఇంట్లో మాటలు తెలుగులో. "మీ వైపు చూసేదానికి ఏముంది?" అని హాస్టల్లో ఎవరడిగినా నందికొండ పేరే చెప్పేదాన్ని. మొన్న సెలవుల్లో కొండ కింద మా మామ వాళ్ళింట్లో పది దినాలు ఉండి వచ్చినప్పటి నుంచి ఆ పేరు చెప్పాలంటే కొంచెం జంకుతున్నాను.

మామ రోడ్డు పక్కన జామకాయలు, ద్రాక్ష అమ్ముతాడు. ఆదివారం నన్ను తెల్లవారుజామున నాలుగింటికే లేపినాడు. బెంగళూరు ఇక్కడికి 60 కిలోమీటర్లే. కొండ మీద సూర్యోదయం చూడాలని బైకులు, కార్లు చీమలబారులాగ వస్తున్నాయి. ఎనిమిది దాటేసరికి ఫోటోలు దిగి వెనక్కి తిరిగేశారు. గంపలో సగం కాయలు అట్లే ఉన్నాయి.

"ఏం మామా, ఇంతమంది వచ్చినా బేరం లేదా?"

"తినేవన్నీ కార్లోనే తెచ్చుకుంటారు పాపా. ఈడ వదిలిపెట్టి పొయ్యేది ఖాళీ బాటిళ్ళే."

ఐక్యరాజ్యసమితి 2017ను సుస్థిర పర్యాటక సంవత్సరంగా ప్రకటించింది. పేరు పెద్దదిగా ఉన్నా, సంగతి మామ చెప్పినదే. చూడవచ్చినవాళ్ళ వల్ల ఆ చోటు అరిగిపోకూడదు, అక్కడ బ్రతికేవాళ్ళకు నాలుగు రూపాయలు మిగలాలి, మన తర్వాత వచ్చేవాళ్ళకూ అది దొరకాలి. 1927లో గాంధీజీ ఒంట్లో బాగలేక ఈ కొండ మీద నెలకు పైగా ఉన్నారు. ఇప్పుడు వచ్చేవాళ్ళు ఉండేది మూడు గంటలు. ఎక్కువమంది తక్కువసేపు ఉంటే చెత్త పెరుగుతుంది, ఊరికి రాబడి మాత్రం పెరగదు.

నందికొండ 1,478 మీటర్ల ఎత్తున్న ఫోటో స్పాట్ మాత్రమే కాదు. పెన్నేరు, చిత్రావతి, అర్కావతి, దక్షిణ పినాకిని ఈ కొండల ప్రాంతంలోనే పుడతాయి. పెన్నేరు మా గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వైపు పోయి, చివరకు నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. అయినా మా జిల్లాలో బోరు వెయ్యి అడుగులు దాటినా నీళ్ళు పడని చోట్లున్నాయి. చెరువులు నింపేదానికి హెబ్బాళ-నాగవార పథకం కింద బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి మా వైపు పంపుతున్నారు. ఆ శుద్ధి చాలదు, మూడో దశ కూడా చేయాలని ఇక్కడివాళ్ళు అడుగుతూనే ఉన్నారు. నగరం నుంచి మాకు వస్తున్నవి ఇవి: వాడిన నీళ్ళు, ఆదివారం బండ్లు. నదులు పుట్టేచోట నగరం వాడేసిన నీళ్ళకోసం ఎదురుచూడటం నాకు మింగుడుపడదు.

2021 ఆగస్టు 24 రాత్రి పెద్ద వానకు కొండచరియలు విరిగిపడి రోడ్డు కొట్టుకుపోయింది. డిసెంబరు దాకా కొండ మూసేశారు. తిరిగి తెరిచినప్పుడు బండ్లకు లెక్క పెట్టినారు, ముందుగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోమన్నారు. ఒక చోటు ఎంతమందిని మోయగలదో అంతమందినే రానివ్వాలి అన్నది ఇదే. ఈ పని రోడ్డు తెగినప్పుడే గుర్తుకు రావడమే నా బాధ. మూసిన ఆ నెలల్లో మామ కూలికి పోయినాడు. కాబట్టి "కొండను మూసేయండి" అని నేను అనలేను.

భూటాన్‌లో విదేశీయుల దగ్గర రాత్రికి 100 డాలర్లు, మన భారతీయుల దగ్గర 1,200 రూపాయలు తీసుకుంటారు. అట్లాంటి రుసుము ఇక్కడ పెడితే ముందు ఆగిపోయేది మా అవ్వే, కార్లవాళ్ళు కాదు. శివరాత్రికి కొండ కింద భోగనందీశ్వరుని గుడికి ఆమె సద్దిమూట కట్టుకొని పోయేది, విస్తరాకులో తిని వచ్చేది. మనిషి మీద కంటే కారు మీద రుసుము వేసి, ఆ డబ్బును కింద ఊళ్ళకే ఇస్తే బాగుంటుందని నాకనిపిస్తుంది.

కొందరు జనాన్ని వేరే చోట్లకు మళ్ళించమంటారు. మా దగ్గర్లోనే విదురాశ్వత్థం ఉంది. 1938 ఏప్రిల్ 25న జెండా సత్యాగ్రహం చేస్తున్నవాళ్ళ మీద పోలీసులు కాల్పులు జరిపినచోటు అది. పాత రావిచెట్టు 2001లో కూలిపోయింది, వేల నాగశిలలు మాత్రం ఉన్నాయి. అక్కడికి జనం రావాలనే నాకూ ఉంది. అయితే ముందు బండ్లు ఊరి బయట నిలిపే జాగా, తాగునీటి కొళాయి, చెత్త ఎత్తే మనుషులు ఉండాలి. సంగటి, పప్పు వండి పెట్టేపని స్త్రీశక్తి సంఘాలకు ఇవ్వాలి. బండ్లు వచ్చినాక ఇవి చేద్దామంటే జాగాలన్నీ అమ్ముడైపోయి ఉంటాయి.

డిసెంబరులో మా ఊరికి వస్తామన్న మీ నలుగురికీ ఒక మాట. బస్సులోనే పోదాం, నీళ్ళ బాటిల్ ఎవరిది వాళ్ళు తెచ్చుకోండి. సుల్తాన్‌పేట వైపు మెట్లదారి తెరిచి ఉంటే నడిచే ఎక్కుదాం. జామకాయలు మాత్రం ఇక్కడినుంచి మోసుకు రావద్దు, మామ దగ్గర కొందాం.